సూదిపెయ్య

మా అవ్వ, అంటే అమ్మ, పోయిన తరువాత మా ఊరికి వెళ్లాలంటే నాకు కాళ్లు ఆడలేదు. కరీంనగర్ నుంచి హుస్నాబాద్ బస్సెక్కితే దారిలో దిగిపోయే ఊరే. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయినా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. మోకాళ్లన్నాను, ఎండలన్నాను, ఇంటికి రంగులు వేయిస్తున్నానన్నాను. చివరికి నన్ను కదిలించింది ఒక ఆవు. పొద్దున్నే చాయ్ తాగుతుంటే మా మరదలు రాధ ఫోన్ చేసింది. మా తమ్ముడు సత్తయ్య మస్కట్‌లో పని చేస్తాడు. ఇక్కడ ఇల్లు, పొలం, కొట్టంలోని ఆవులు అన్నీ రాధ మీదే.

"వదినె, అత్తమ్మ ఆవు పొద్దుగాల సంది ఒర్రుతున్నది. ఎదకొచ్చింది. సూదాయన పగటీలికి వస్తనన్నడు. ఏ సూది ఏయించాల్నో నాకు సమజైతలేదు. జర నువ్వు రారాదు" అంది.

"లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, పసుల సంగతి నాకేం తెలుసే? డాక్టర్ని అడుగు" అన్నాను విసుగ్గా.

"డాక్టరుకు అత్తమ్మ తెల్వది గద" అంది. చాయ్ సగం వదిలేసి చీర మార్చుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాలో నేనే సణుక్కుంటూ పోయాను. రాధ అడిగినదాన్ని పుస్తకాల్లో కృత్రిమ గర్భధారణ అని రాస్తారు. అంత పెద్ద మాట మా దగ్గర ఎవరి నోటా పలకదు. సూది అంటారు, అంతే. జ్వరానికి వేసేదీ సూదే, గాలికుంటు రోగం రాకుండా వేసేదీ సూదే, ఆవు చూలు కట్టడానికి వేసేదీ సూదే. పట్నం వాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్క మాట మా అవ్వకూ బాపుకూ మధ్య పడి, వాళ్లు బతికున్నన్నాళ్లూ అక్కడే ఉండిపోయింది.

అవ్వది ఆదిలాబాద్ దిక్కు, ఆసిఫాబాద్ దాటిన తరువాత అడవి అంచున ఒక పల్లె. పెళ్లయి వస్తుంటే మా తాత ఆమెకు అరణంగా ఒక ఎర్రావును ఇచ్చి పంపాడు. అరణమంటే అత్తగారింటికి పోయే పిల్లకు పుట్టింటివాళ్లు ఇచ్చే సొత్తు. పశువైనా పాత్రైనా అది ఆ పిల్లదే, మొగుడికి దాని మీద మాట చెల్లదు. నేను ఎరిగిన ఎర్రావు ఆ అరణపు ఆవుకు మనుమరాలో మునిమనుమరాలో. తల్లి పోతే బిడ్డ, బిడ్డ పోతే దాని బిడ్డ, ఎప్పుడూ కొట్టంలో ఒక ఎర్రావు ఉండేది. పొట్టిది, ఇటుకరాయి రంగు, సూది మొనల్లాంటి కొమ్ములు, వీపు మీద చిన్న మూపురం. అడవి పశువు కదా, గుట్టెక్కి ఎండు గడ్డి కొరికి, సాయంత్రం తనంత తానే ఇల్లు చేరేది. దానికి దాణా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రోగం వచ్చిందని దవాఖానకు తోలుకుపోయిన గుర్తు కూడా నాకు లేదు.

అవ్వ పుట్టింట్లో ఒకప్పుడు పెద్ద మంద ఉండేదట. తాత పోయాక మా మేనమామ ఆ మందను తెగనమ్మి, నస్పూర్‌కు పోయి బొగ్గుబాయిలో పనికి చేరాడు. మామను తప్పు పట్టలేం, బాయి పనికి నెలనెలా జీతం వస్తుంది. కానీ అవ్వ ఆ కబురు విన్న రోజు కొట్టంలోకి పోయి ఎర్రావు పక్కన చాలాసేపు కూర్చుంది. "మా అవ్వగారింటిది ఇగ నువ్వొక్కదానివే మిగిలినవు" అని దానితో చెబుతుంటే నేను విన్నాను. ఆ తరువాత ఆమెకు ఆవు గురించి ఒకటే పట్టుదల. తాను పోయేలోపు ఈ ఆవు కడుపున పుట్టిన ఎర్రపెయ్య ఒకటి కొట్టంలో నిలబడాలి. అంతకంటే ఆమె దేవుణ్ని ఏమీ అడిగినట్టు నాకు తెలియదు.

మా ఇంట్లో పొద్దు పొడవడమంటే కొట్టంలో పొడవడమే. అవ్వ పెండ ఎత్తి, వాకిట్లో సాన్పు చల్లి, కుడిది గోలెం దగ్గరికి వచ్చేది. బియ్యం కడిగిన నీళ్లు, రాత్రి మిగిలిన గంజి, కూరగాయ తొక్కలు, గుప్పెడు తవుడు అన్నీ కలిసి ఆ గోలెంలో పులిసిపోయి ఉండేవి. చేయి పెట్టి కలిపితే లేచే ఆ పుల్లటి వాసన ఎంతసేపు కడిగినా పోయేది కాదు. బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. పాలు పిండేటప్పుడు అవ్వ నుదురు ఆవు డొక్కకు ఆనించి మాట్లాడుతూనే ఉండేది. అటు దిక్కు మాటల్లో మరాఠీ కలిసేది. ఆవును గాయ్ అనేది, పొలాన్ని వావర్ అనేది. "ఏమే, నీ గాయ్‌కు తెలుగు రాదానె?" అని బాపు వెక్కిరించేవాడు. "నీకంటె మంచిగనె వస్తది, ఒక్కసారి చెప్తె ఇంటది" అనేది అవ్వ.

ఎర్రావు అవ్వకు తప్ప ఎవరికీ పాలు చేపేది కాదు. ఒకసారి అవ్వకు చలిజ్వరం వచ్చి మంచం దిగలేకపోతే, బాపు ఆమె చీర ఒంటికి చుట్టుకుని, నెత్తి మీద కొంగు కప్పుకుని పొదుగు కింద కూర్చున్నాడు. ఆవు వాసన చూసింది, తల తిప్పి మొహం చూసింది, ఒక్క తన్ను తన్నింది. చెంబు ఎగిరి గడ్డివాము కింద పడింది. బాపు చీరతోనే లేచి వాకిట్లోకి వస్తే, మంచంలో ఉన్న అవ్వ జ్వరం మరిచిపోయి నవ్వింది. ఆ చీరలో బాపును చూసిన పొరుగింటి ముసలమ్మ "ఎవలొచ్చిరే ఇంటికి?" అని అడిగింది కూడా.

ఎర్రావు పాలు ఎక్కువేమీ కావు. పొద్దున చెంబెడు, సాయంత్రం అంతకు తక్కువ. అవ్వ ఆ పాలను పిడకల దాలి మీద పెట్టేది. నేను బడి నుంచి వచ్చేసరికి అవి ఎర్రగా కాగి, పైన వేలి మందం మీగడ కట్టి, ఇల్లంతా తీపి పొగ వాసన వేసేది. మీగడ గీకిన గిన్నె కోసం నేనూ సత్తయ్యా కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు కరీంనగర్‌లో మా అపార్టుమెంటు వాళ్లు దేశీ ఆవు నెయ్యి అని గాజు సీసాలో తెప్పించుకుని, దాన్ని దేవుడి గదిలో తీర్థంలా దాచుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. సీసా మీద బొమ్మ కూడా మన ఆవుది కాదు.

మా ఊరికి పాలబండి రావడం మొదలైనప్పటి నుంచి బాపు కళ్లు మారాయి. బండి వాళ్లు పాలు కొలిచి తీసుకుపోతారు, చేతికి డబ్బులిస్తారు. పాలు అమ్మడమంటే అంతకు ముందు మా ఊళ్లో నామోషీ. ఉన్నట్టుండి అదే పని అయిపోయింది. పొరుగు వీధిలో ఒకాయన జెర్సీ ఆవును తెచ్చాడు. దాని పాలకు క్యానే కావాలి, చెంబు చాలదు. బాపు రోజూ పని గట్టుకుని పోయి ఆ ఆవును చూసి వచ్చేవాడు. వచ్చి ఎర్రావును చూసేవాడు. మా పొలం వానలు పడితే పండేది, లేకుంటే బీడు. ఇద్దరు పిల్లల్ని చదివించాలి. బాపు బాధ కూడా నిజమే, అది నాకు నేను ఇంటిదాన్నయ్యాక తెలిసింది.

"నీ ఎర్రావు ఇచ్చే పాలు చాయ్‌కు సరిపోవు. దానికి గా సీమ సూది ఏయిస్తె వచ్చే పెయ్యన్న నాలుగు పాలిస్తది" అని బాపు అన్నం తింటూ మొదలుపెట్టేవాడు.

"నీ చాయ్ కోసం రాలే నా గాయ్ నీ ఇంటికి. నీ నాగలికి కట్టిన ఎడ్లను ఎవలు కన్నరు? నువ్వు కన్నవా?"

"పాలు గావాలె. పాలబండి రోజొస్తది."

"బండి వస్తది, ఎండ రాదా? సీమది మన ఎండకు ఆగుతదా? దానికి కోడె పుడితె ఏం జేస్తవు? మూపురం ఉండది. కాడి ఏడ ఆగుతది, నీ నెత్తి మీదనా?"

బాపు తినడం ఆపి నవ్వేవాడు. నవ్వినా మాట వదిలేవాడు కాదు. అవ్వ కూడా వదిలేది కాదు. "అరణపు ఆవు. నాది. నేను చెప్పిందానికే దాటియ్యాలె" అనేది. దాటించడమంటే ఊళ్లో తిరిగే దేవుని ఆబోతుతో. రాజన్నకు మొక్కుకుని ఎవరో ఆ కోడెను చిన్నప్పుడే విడిచిపెట్టారు. అది ఎవరిదీ కాదు, అందరి చేన్లలో మేసేది, కొట్టడానికి ఎవరికీ చేయి రాదు. తెల్లటి వీపు మీద నా తలంత మూపురం. ఎర్రావు కిందటి ఈతలన్నీ దానివల్లే, అన్నీ కోడెలే. ఎర్రావు ముసలిదైపోతున్నది. ఇంకో ఈత ఈనుతుందో లేదో. పెయ్య పుట్టాలంటే ఇదే ఆఖరు అని అవ్వకు తెలుసు, బాపుకూ తెలుసు.

ఒకరోజు ఊళ్లో డప్పు చాటింపు వేశారు. "రేపు పసుల డాక్టరు సారు వస్తుండు. బడి కాడ సూదులేస్తరు. అందరు పసులను తోలుకరావాలెనహో" అని. మరునాడు పొద్దునే ఎర్రావు ఎదకు వచ్చి తాడు తెంపుకుంటూ ఒర్రడం మొదలుపెట్టింది. అవ్వ మొహం వెలిగిపోయింది. కానీ ఆ రోజే ఆమె పక్క ఊరిలో నాట్లకు ఒప్పుకుంది. బదులు నాట్లు, మానేస్తే మా పొలానికి ఎవరూ రారు. పోతూ పోతూ, ఆవుకు పసుపు రాసి, బెల్లం ముక్క తినిపించి, బాపుకు చెప్పింది. "ఇంటున్నవా? బడి కాడ సూదేయించు. గట్ల నుంచి గట్లనె ఆబోతు ఏడున్నదో చూసి తోలుకపో. మల్ల పొద్దు వోతె ఎద ఆగది." బాపు ఊ అన్నాడు.

అవ్వ చెప్పిన సూది గాలికుంటు సూది. ఆ సంవత్సరం చుట్టుపక్కల ఆ రోగం ఉంది, పశువుల గిట్టలు పుండ్లు పడి చొంగ కారుస్తున్నాయి. బడి ముందు జీపు ఆగింది. కర్రలతో చేసిన చట్రంలోకి ఒక్కో పశువును దూర్చి సూదులు వేశారు. ఎదలో ఉన్నవాటిని వేరుగా నిలబెట్టి, పొగలు కక్కే డబ్బాలోంచి సన్నటి గొట్టం తీసి వాటికి రెండో సూది వేశారు. లెక్కల సారు చూస్తే ఊరుకోడని మేం తరగతి కిటికీలోంచి దొంగచూపులు చూశాం. ఎవరి ఆవు ఎటు నిలబడిందో నాకు కనపడలేదు. సాయంత్రం అవ్వ బురద కాళ్లతో వచ్చేసరికి, ఎర్రావు నెమ్మదించి నెమరు వేస్తున్నది. బాపు బీడీ కాలుస్తూ అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది అవ్వ.

"సూదేయించిన. పనైంది. ఇగ ఫికర్ లేదు" అన్నాడు బాపు.

అవ్వ రెండు పనులైనట్టు విన్నది. సూది ఒకటి, పని ఒకటి. బాపు చెప్పింది మాత్రం ఒకటే పని. అబద్ధమాడాడా అంటే ఆడలేదు. నిజం చెప్పాడా అంటే అదీ లేదు. ఆ సాయంత్రం ఆ మాట ఎందుకు అలా పలికాడో నేను ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. ఆబోతు దొరకలేదా, వెతకనే లేదా, జీపు ఎదురుగా ఉండేసరికి మనసాగలేదా? అడగాల్సిన రోజుల్లో అడిగే ధైర్యం లేదు, ధైర్యం వచ్చేసరికి బాపు లేడు.

ఆవు చూలు కట్టింది. అవ్వ సంబరం చూడాలి. గడ్డి కోసుకు వచ్చి దాని ముందు వేసి, తినేదాకా కదిలేది కాదు. "ఈసారి పెయ్యనె. నడక జూడు, నా మాటిను" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది, ఎర్రపెయ్య పుడితే నడిచి గుట్టెక్కుతానని. బాపు ఇవన్నీ వింటూ లేచి బయటికి పోయేవాడు. మనిషి పొద్దస్తమానం ఏదో ఒక పని కల్పించుకుని చేనులోనే ఉండేవాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు తలచుకుంటే బాపు మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వస్తాయి, ఏది ముందో చెప్పలేను.

ఈనిన రోజు ఎండాకాలం మధ్యాహ్నం. ఎర్రావు పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నీటి సంచి పగిలి చాలాసేపయినా దూడ కాళ్లు తప్ప ఏమీ రావడం లేదు. అవ్వ మోచేతుల దాకా నూనె రాసుకుని కూర్చుంది. "పెద్దది. కడుపుల పట్టనంత పెద్దది" అంటూ బాపు మొహంలోకి చూసింది. డాక్టరు కోసం మనిషిని పంపారు, ఆయన ఇంకో ఊరికి పోయాడట. అవ్వ, బాపు ఇద్దరూ కాళ్లు పట్టుకుని, ఆవు ముక్కినప్పుడల్లా లాగారు. ఆవు అరుపుకు నేను చెవులు మూసుకున్నాను. చివరికి దూడ జారి గడ్డి మీద పడింది. పెయ్యే. అవ్వ నోట్లోంచి ఒక కేక వచ్చింది, అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. ముక్కు తుడిచి, నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, గడ్డి పిడికెడు తీసుకుని ఒళ్లు రుద్దసాగింది. మెడ రుద్దింది. మెడ నుంచి వీపుకు వచ్చింది. అక్కడ ఆమె చేయి ఆగింది.

వీపు పలకలా చదునుగా ఉంది. ఒళ్లు లేడి రంగు, మూతి నలుపు, నుదురు వెడల్పు.

"ఇది ఆబోతుది గాదు" అంది అవ్వ.

బాపు చేతులకంటిన జిగురును గడ్డితో తుడుచుకుంటున్నాడు.

"నిన్నే. ఇది ఎవలిది?"

"సూదిది" అన్నాడు బాపు, నేల చూస్తూ.

"ఏ సూది?"

"చెప్తి గదనే. సూదేయించిన, పనైందని గా రోజే చెప్తి గద."

అవ్వ తలెత్తి బాపును చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "గట్లనా" అంది. మళ్లీ గడ్డి తీసుకుని దూడను రుద్దడం మొదలుపెట్టింది, ఇందాక ఆపిన చోటి నుంచే. అంత కోపం, అంత దుఃఖం చేతుల్లోకి దించుకుని రుద్దుతుంటే, ఆ తడి పిల్ల వణుకుతూ ఆమె మోకాలిని నాకింది. బాపు అక్కడే, ఎటు పోవాలో తెలియని మనిషిలా నిలబడి ఉన్నాడు. మరునాడు అవ్వ జున్ను కాచింది. ఇంటింటికీ పంపింది. నేను భయం భయంగా ఆమె చేతిలో ఒక ముక్క పెడితే నోట్లో వేసుకుని, "తియ్యగనె ఉన్నది. పాలకేం తెలుసు పాపం" అంది.

ఆ కష్టపు ఈత తరువాత ఎర్రావు మళ్లీ చూలు కట్టలేదు. కొన్నాళ్లకు అవ్వ ఒడిలోనే తల పెట్టి పోయింది. చేను గట్టున పాతిపెట్టి వచ్చాక అవ్వ కొట్టంలోకి పోయి సూదిపెయ్య ముందు నిలబడింది. మా ఊళ్లో ఆ రకం దూడలన్నిటినీ సూదిపెయ్యలనే అనేవాళ్లు. "నువ్వు సగం మా అవ్వగారిదానివి, సగం ఎవలదానివో దేవునికే ఎరుక" అంది దానితో. లెక్కలంటే నాకు ఇష్టం కాబట్టి, దీని బిడ్డలో పావే మిగులుతుందని, దాని బిడ్డలో అరపావేనని నోరు జారాను. "నీ లెక్కలు పాడువడ, పో" అని కసిరింది.

కానీ చెప్పాలి, సూదిపెయ్య ఈనాక మా ఇంట్లో పాలకు కొదవ లేదు. నా చదువు ఆ పాల మీదే గడిచింది. నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదివానంటే, సత్తయ్య ఐటీఐ చేశాడంటే అది ఆ చదును వీపు ఆవు దయే. బాపు అన్నది జరిగింది. అవ్వ అన్నదీ జరిగింది. ఎండాకాలం వచ్చిందంటే సూదావు నాలుక బయట పెట్టి రొప్పేది. అవ్వ గోనె సంచులు తడిపి దాని వీపు మీద కప్పేది, వేపమండలతో ఈగలు తోలేది, తోలుతూ తిట్టేది. "నీ నాయిన ఏ దేశపోడే? మన ఎండకు ఓర్వకపోతివి. మీ అమ్మ గుట్టెక్కేది, నువ్వు గడప దాటవు." గోమార్లు పీకుతూ తిట్టేది, దాణాకు పల్లి చెక్క నానబెడుతూ తిట్టేది. తిట్లు ఎంతుండేవో ముద్దు అంతే ఉండేది. దాని కోడెదూడలను మాత్రం ఎవరూ ఉంచుకోలేదు. బేరగాడు వచ్చి తోలుకుపోతుంటే అవ్వ ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేది.

బాపు పోయిన తరువాత ఒక వేసవి సెలవుల్లో నేను ఊరికి వస్తే, అవ్వ సూదావును పగ్గం పట్టుకుని పశువుల దవాఖాన నుంచి తోలుకువస్తున్నది. ఎదకు వస్తే తానే సూది వేయించుకు వచ్చింది. "ఇప్పుడు నిన్నాపేటోళ్లు ఎవలే అవ్వా? ఆబోతుకు దాటియ్యకపోయినవా?" అన్నాను. అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆబోతు ఏడున్నదే? అది సచ్చి ఎన్నొద్దులాయె. ట్రాక్టర్లు వచ్చినంక కోడెలను ఎవలు సాదుతున్నరు? మొక్కులకు సుత విడుస్తలేరు. నాకు కావాల్నంటె మాత్రం ఏడికెల్లి తేవాలె?" అని కొట్టంలోకి పోయింది. అంత పట్టుదల మనిషి అంత మామూలుగా అనేసింది. నేను వాకిట్లో బ్యాగుతో నిలబడి ఉండిపోయాను.

బస్సు దిగి ఇంటికి పోయేసరికి రాధ ఎదురొచ్చింది. కొట్టంలో ఇప్పుడు రేకుల పైకప్పు, తిరిగే ఫ్యాన్లు. నలుపు తెలుపు మచ్చల ఆవు ఒకటి తాడు లాగుతూ ఒర్రుతున్నది. అవ్వ చివరిదాకా దగ్గరుండి చూసుకున్న ఆవు ఇదే. సూదావు కూతురి కూతురి సంతతి. తక్కిన ఆవులన్నీ సత్తయ్య బయట కొన్నవి. నా పాత లెక్క ప్రకారం దీనిలో ఎర్రావు వంతు ఏమీ లేనట్టే, ఉన్నా వెంట్రుకవాసి. అయినా మా ఇంట్లో ఆ ఎర్రావు నుంచి వచ్చినది ఇది ఒక్కటే మిగిలింది.

"ఇంతకు ముందు ఏసిన సూదులు నిలువలే వదినె. మొన్న బేరగాడు వచ్చి చూసి పోయిండు. ఈసారి కట్టకపోతె తోలెయ్యుమంటుండు మీ తమ్ముడు. దాణా ఎట్ల పెట్టాలె ఊకె?" అంది రాధ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అంతలో మస్కట్ నుంచి సత్తయ్య వీడియోలో వచ్చాడు. "అక్కా, గా సీమ రకం హెచ్ఎఫ్‌దే ఏయించుండ్రి. పాలు తగ్గితె కష్టం" అన్నాడు. రాధ నా భుజం మీదుగా తల పెట్టి, "నువ్వక్కడ ఏసీల ఉంటవు. ఎండల దీనికి దినాం తానం బోసేది నేను. మీ అవ్వ పోయేముందల ఏమన్నదో నీకెరుకనా? ఒక్క నాటు పెయ్యను కట్టేసుకుంటె బాగుండు అన్నది. గిర్ సూది ఏయిస్త నేను" అంది. "అక్కా, నీ ఇష్టం" అని సత్తయ్య ఫోన్ పెట్టేశాడు.

"పిచ్చిదానా, గిర్ గుజరాత్ ఆవు. అది మన అవ్వ ఆవు ఎట్లయితదే?" అన్నాను.

"అయితె కానియ్, మూపురమన్న ఉంటది గద. ఎండకన్న ఆగుతది గద" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి రాధకు. నాకూ తిరిగాయి. ఎర్రావు రకం ఇక ఎక్కడా దొరకదు. అడవి అంచున అవ్వ ఊళ్లో కూడా లేదని మేనమామ కొడుకు ఎప్పుడో చెప్పాడు. దేశిది వేయిస్తే కనీసం అవ్వ అడిగినదాని నీడైనా కొట్టంలో ఉంటుంది. "సరే, గిర్‌దే ఏయిద్దాం" అన్నాను. రాధ మొహం విచ్చుకుంది. ఆవు దగ్గరికి పోయి బొట్టు పెట్టి వచ్చింది.

సూదాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్థుడు. డబ్బా దించి మూత తీశాడు. తెల్లటి పొగ బయటికి పొర్లింది. లోపల వెతికి తలెత్తాడు.

"గిర్‌ది మొన్ననే అయిపోయిందమ్మా. అందరు గదే అడుగుతున్నరు. రేపు జిల్లా నుంచి వస్తది. ఇప్పుడు హెచ్ఎఫ్‌దే ఉన్నది."

"రేపటిదాకా ఎద ఆగుతదా?" అన్నాను. ఆ జవాబు నాకు చిన్నప్పుడే తెలుసు.

"ఆగది. సాయంత్రానికే పోతది. ఇప్పటికే ఆలిశెమైంది."

"మల్ల వచ్చేదాక ఆగుదామా రాధా?"

"మల్ల వస్తదో రాదో వదినె. వచ్చినా నిలుస్తదో లేదో. ఆలోపల బేరగాడు ఊకుంటడా, మీ తమ్ముడు ఊకుంటడా?" అంది రాధ, ఎటో చూస్తూ.

అవ్వ ఆవు మిగలాలంటే దానిలో మిగిలిన ఆ కాస్త అవ్వ ఆవును కూడా పోగొట్టుకోవాలి. పోగొట్టుకోనంటే ఆవే ఉండదు. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఇలాంటి లెక్క ఏ పుస్తకంలోనూ చూడలేదు. సూదాయన చేతికి తొడుగు వేసుకుని, ఎవరు చెబుతారా అని ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. ఆవు ఒర్రడం ఆపలేదు. రాధ నా వైపు తిరిగింది. నన్ను పిలిపించింది ఈ మాట కోసమే కదా.

"ఉన్నదే ఏయి తమ్మీ" అన్నాను.

రాధ పగ్గం నా చేతికిచ్చి ఆవు వెనకకు పోయింది. నేను ఆవు తల దగ్గర, దాని కళ్లలోకి చూడలేక దాని చెవి పట్టుకుని నిలబడ్డాను. ఇంత వయసొచ్చి, ఇంత చదువుకుని, నా నోటితో నేనే ఆ మాట అన్నాను. అవ్వా, ఏం జెయ్యాల్నే నేను, అనుకున్నాను. "పనైందమ్మా, గొట్టం తీసేదాక కదలకుండ పట్టుకోండ్రి జర" అన్నాడు సూదాయన.